ఖజానాకు కావలి – 6: అంతర్యుద్ధం నడుమ ఒకటో నంబరు చట్టం

జరిగిన కథ: 1861లో బ్రిటిష్ పార్లమెంటు ప్రజాపద్దుల సంఘాన్ని వేసుకుంది. 1866లో గ్లాడ్‌స్టన్ తెచ్చిన చట్టం రెండు పనుల్ని కలిపి ఒకే అధికారికి అప్పగించింది. ఖజానా నుంచి డబ్బు విడుదలకు అనుమతి ఇవ్వడం ఒకటి, ఖర్చయ్యాక లెక్క తనిఖీ చేయడం రెండోది. ఆ అధికారే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. ఇంగ్లండ్‌లో పుట్టిన ఈ పదవిని ఇంగ్లండ్ మీద తిరగబడ్డ ఒక చిన్న దేశం ఎందుకు కావాలనుకుందో ఈ భాగంలో చూద్దాం.

*

1923 మొదలయ్యేనాటికి ఐరిష్ ఫ్రీ స్టేట్ ఏర్పడి నెల కూడా కాలేదు. జనాభా ముప్పై లక్షలు. శతాబ్దాల పరాయి పాలన తొలగింది గానీ ఇంట్లో నిప్పు రగిలింది. బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని ఒప్పుకున్నవాళ్ళు ఒకవైపు, కాదన్నవాళ్ళు మరొకవైపు. నిన్నటిదాకా ఒకే కందకంలో పోరాడినవాళ్ళు ఒకరినొకరు కాల్చుకుంటున్నారు. రైలు వంతెనలు కూలుతున్నాయి. మంత్రులు ఇళ్ళకు వెళ్ళే ధైర్యం లేక ప్రభుత్వ భవనాల్లోనే కాపలా మధ్య పడుకుంటున్నారు. అంతకుముందు జూన్ 30న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలో జరిగిన పేలుడులో పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయి, కొన్ని వందల ఏళ్ళ దస్తావేజులు బూడిదయ్యాయి. ఆగస్టు 22న ప్రభుత్వాధినేత మైఖేల్ కాలిన్స్‌ను సొంత జిల్లా కార్క్‌లోనే మాటువేసి చంపారు.

అలాంటి రోజుల్లో, 1923 చట్టాల వరసలో ఒకటో నంబరు పడింది కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ చట్టానికి. పార్లమెంటు మంజూరు చేయనిదే ఖజానా నుంచి ఒక్క పౌండు కూడా కదలకూడదు, కదిలిన ప్రతి పౌండుకూ లెక్క చెప్పాలి అన్నదే దాని సారం.

ప్రాణాలకే దిక్కులేని వేళ ఇంత పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

రహస్య ప్రభుత్వం, రశీదు పుస్తకం

1919 జనవరి 21న డబ్లిన్ మాన్షన్ హౌస్‌లో ఐరిష్ ప్రతినిధులు సమావేశమై తమదే ఐర్లండ్ పార్లమెంటు అని ప్రకటించుకున్నారు. దాని పేరు డాయిల్. బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికై కూడా అక్కడికి వెళ్ళబోమన్నవాళ్ళు వీళ్ళు. మూడేళ్ళ కిందట, 1916 ఈస్టర్ తిరుగుబాటు నాటికి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న బరంపురం తెలుగు విద్యార్థి ఒకరు ఆ గాలి పీల్చి, దేశం వదలాల్సి వచ్చి తిరిగొచ్చారు. ఆయనే తర్వాత మన రాష్ట్రపతి అయిన వి.వి. గిరి.

డాయిల్‌కు సభ ఉంది, మంత్రులున్నారు, డబ్బు లేదు. 1919 ఏప్రిల్‌లో ఆర్థికమంత్రి అయిన మైఖేల్ కాలిన్స్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. గెరిల్లా యుద్ధ వ్యూహకర్తగానే లోకం ఆయన్ను గుర్తుపెట్టుకుంది. ఆయన చేతికి ముందు అలవాటైంది మాత్రం జమాఖర్చుల పుస్తకం. లండన్‌లో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకులో గుమాస్తా, ఆ తర్వాత షేర్ల దళారీ కంపెనీలో ఉద్యోగం, 1916లో డబ్లిన్‌కు తిరిగొచ్చి క్రెయిగ్ గార్డ్‌నర్ అనే అకౌంటెంట్ల సంస్థలో కొలువు.

కాలిన్స్ ప్రజల దగ్గర అప్పు అడిగాడు. ఏటా 5 శాతం వడ్డీ, కనీసం ఒక పౌండు. చందా అని అడిగి ఉంటే ఇచ్చినవాడు ఇచ్చి మరచిపోయేవాడు. అప్పు అంటే తిరిగి ఇవ్వాలి, ఇవ్వాలంటే ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో రాసి ఉండాలి. అలా తొలి రోజు నుంచే ఈ ప్రభుత్వం తనను తాను లెక్కకు కట్టేసుకుంది.

1919 సెప్టెంబరులో బ్రిటిష్ ప్రభుత్వం డాయిల్‌ను నిషేధించింది. రుణపత్రాల ప్రకటన వేసిన పత్రికల్ని మూయించింది. అప్పుడు కాలిన్స్ సినిమా తీయించాడు. సెయింట్ ఎండాస్ బడి ఆవరణలో ఒక బల్ల వేశారు. 1803 తిరుగుబాటు నాయకుడు రాబర్ట్ ఎమ్మెట్ తల నరికినప్పుడు వాడారని చెప్పే కొయ్య మొద్దును దాని మీద పెట్టారు. కాలిన్స్ ఆ మొద్దు మీదే కాగితం పెట్టి, సంతకం చేసి, రుణపత్రాలు ఇస్తున్నాడు. 1916లో మరణశిక్ష పడి తుపాకీగుండ్లకు బలైన పాట్రిక్ పియర్స్ తల్లి వచ్చి ఒకటి తీసుకుంది. యువకులు సినిమాహాళ్ళలోకి చొరబడి, ప్రొజెక్టర్ నడిపేవాణ్ణి బెదిరించి, ఆ రీలు వేయించి మాయమయ్యేవాళ్ళు.

రెండున్నర లక్షల పౌండ్లు వస్తే చాలనుకుంటే 1920 వేసవికి దాదాపు 3,70,000 వచ్చాయి. రైతులు, టీచర్లు, దుకాణదారులు ఇచ్చిన ఒక పౌండు, అయిదు పౌండ్ల మొత్తాలే వాటిలో ఎక్కువ. ఈ డబ్బు వేర్వేరు పేర్ల మీద బ్యాంకుల్లో ఉండేది. కొంత బంగారంగా మారింది. తాపీ పని కాంట్రాక్టరు బ్యాట్ ఓ కానర్ డబ్లిన్‌లోని తన ఇంటి నేల తవ్వి, పసిబిడ్డల శవపేటికలో సుమారు 25,000 పౌండ్ల విలువైన బంగారం పెట్టి, పైన కాంక్రీటు పోశాడు.

పోలీసులు ఆఫీసుల మీద పడుతూనే ఉన్నారు. 1919 నవంబరులో హార్కోర్ట్ వీధిలోని ఆఫీసును చుట్టుముట్టినప్పుడు కాలిన్స్ పైకప్పు కిటికీలోంచి బయటపడి పక్క హోటలు మీదుగా తప్పించుకున్నాడు. ఆఫీసు మారేది, ఫైళ్ళు మారేవి, లెక్క రాయడం ఆగేది కాదు. ఏ జిల్లా నుంచి వసూళ్ళ జాబితా ఆలస్యమైనా కాలిన్స్ ఘాటుగా ఉత్తరం రాసేవాడు. రహస్య ఖాతాలకు ఆడిట్ కూడా జరిగేది, ఆ వివరం డాయిల్ ముందుకు వచ్చేది.

ఈ డబ్బు జాడ తీయడానికి బ్రిటిష్ ప్రభుత్వం అలన్ బెల్ అనే వృద్ధ మేజిస్ట్రేటును పెట్టింది. ఆయన బ్యాంకు మేనేజర్లను పిలిపించి ఖాతాల గురించి ప్రశ్నించడం మొదలుపెట్టాడు. 1920 మార్చి 26 ఉదయం ఆయన ఎక్కిన ట్రాములోకి కాలిన్స్ మనుషులు ఎక్కి, అందరి ఎదుటా కిందికి దింపి కాల్చి చంపారు. ఒక ముసలాయన్ను నడివీధిలో చంపడాన్ని ఏ ఆశయమూ కడిగెయ్యలేదు. ఐరిష్ ఖజానా చరిత్రలో ఈ నెత్తురు కూడా ఉంది, దాన్ని దాటవేసి ఈ కథ చెప్పకూడదు.

లెక్క ఎవరికి చూపిస్తావు?

అదే ఏడాది మరో పోరు నడిచింది. తుపాకులు పేలని పోరు కాబట్టి చరిత్ర పుస్తకాల్లో దీనికి చోటు తక్కువ. నా మటుకు ఆడిట్ అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఘట్టం ఇంకొకటి లేదు.

ఐర్లండ్ జిల్లా కౌన్సిళ్ళ లెక్కలను లోకల్ గవర్నమెంట్ బోర్డు అనే బ్రిటిష్ సంస్థ ఆడిట్ చేసేది. 1920 స్థానిక ఎన్నికల్లో చాలా కౌన్సిళ్ళు జాతీయవాదుల చేతికి వచ్చాయి. అవి డాయిల్‌కు విధేయత ప్రకటించాయి. జులై చివర్లో బోర్డు ఒక ఉత్తర్వు పంపింది: మా ఆడిటర్లకు లెక్కలు చూపిస్తామని హామీ ఇస్తేనే గ్రాంట్లు. రోడ్లు, ఆసుపత్రులు, పేదల సాయం ఆ గ్రాంట్ల మీదే నడుస్తున్నాయి. అయినా కౌన్సిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పుస్తకాలు చూపించబోమన్నాయి.

ఇక్కడ డాయిల్ చేసిన పని గమనించాలి. పరాయివాడికి లెక్క చెప్పనక్కరలేదు కదా అని ఊరుకోలేదు. స్థానిక పాలన మంత్రి డబ్ల్యు.టి. కాస్‌గ్రేవ్ శాఖ తన సొంత తనిఖీ అధికారుల్ని కౌన్సిళ్ళకు పంపింది. పట్టుబడితే జైలే అని తెలిసి కూడా వాళ్ళు ఊరూరూ తిరిగి పద్దులు చూశారు. స్వరాజ్యం వచ్చిందంటే లెక్క చెప్పే బాధ్యత తీరిపోయిందని కాదు, చెప్పాల్సిన చోటు మారిందని వాళ్ళు గ్రహించారు. 1921 మే 25న తిరుగుబాటుదారులు లోకల్ గవర్నమెంట్ బోర్డు ఉన్న కస్టమ్ హౌస్‌ను తగలబెట్టినప్పుడు పాత పాలన కాగితాలు కాలిపోయాయి. కొత్త పాలన కాగితాలు అప్పటికే వేరేచోట తయారవుతున్నాయి.

ఆ కాగితాల విలువ తర్వాత తెలిసింది. కాలిన్స్ చనిపోయినా, 1924లో ఫ్రీ స్టేట్ ప్రత్యేక చట్టం చేసి డాయిల్ రుణపత్రాల అసలు, వడ్డీ చెల్లించే ఏర్పాటు చేసింది. పేర్లు, మొత్తాలు ఆ కల్లోలంలోనూ రాసి ఉంచారు కాబట్టే అది వీలైంది.

రాజ్యాంగంలో ఒక కుర్చీ

ఇప్పుడు 1922 రాజ్యాంగం 62, 63 అధికరణాలు చదివితే వింతగా అనిపించదు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ను డాయిల్ నియమిస్తుంది. నిరూపితమైన దుష్ప్రవర్తన, అశక్తత తప్ప మరే కారణం మీదా తొలగించకూడదు, దానికి ఉభయసభలూ తీర్మానించాలి. 1923 చట్టం ఆ పదవికి జీతం, అధికారం, సిబ్బంది సమకూర్చింది. మొదటి అధికారి జార్జ్ మెక్‌గ్రాత్. అజ్ఞాత డాయిల్ లెక్కల్లో పనిచేసి వచ్చిన మనిషి. 1944 దాకా, ఇరవై ఏళ్ళు దాటి ఆ కుర్చీలో ఉన్నాడు.

ఆ ఇరవై ఏళ్ళలోనే అసలు పరీక్ష వచ్చింది. 1932లో ఎన్నికలు జరిగి, అంతర్యుద్ధంలో ఓడిన పక్షం నాయకుడు ఈమన్ డి వలెరా అధికారంలోకి వచ్చాడు. మెక్‌గ్రాత్ సోదరుడు జోసెఫ్ గెలిచిన పక్షం ప్రభుత్వంలో మంత్రిగా చేసినవాడు. అయినా ఆడిటర్ జనరల్ కదలలేదు, ఎవరూ కదిలించలేదు. 1937లో డి వలెరా కొత్త రాజ్యాంగం రాయించినప్పుడు పాతదాంట్లో చాలా కొట్టేశాడు గానీ ఈ పదవిని 33వ అధికరణంగా నిలబెట్టాడు. డాయిల్ పేరు సూచిస్తే రాష్ట్రపతి నియమిస్తారు, తొలగింపు నిబంధన మునుపటిలాగే కఠినం. ఒకరినొకరు చంపుకున్న రెండు పక్షాలు ఏకీభవించిన కొద్ది విషయాల్లో ఇదొకటి.

ఈ అధికారి పని రెండు భాగాలు. మొదటిది కంప్ట్రోలర్ పని. ఆర్థికశాఖకు డబ్బు కావాలంటే ముందు ఆయన్ను రాతపూర్వకంగా అడగాలి. అంత మొత్తాన్ని పార్లమెంటు చట్టప్రకారం మంజూరు చేసిందో లేదో ఆయన సరిచూసి, అనుమతి పత్రం ఇస్తేనే కేంద్ర బ్యాంకులోని ఖజానా ఖాతా నుంచి సొమ్ము కదులుతుంది. ఇప్పటికీ ఇదే పద్ధతి. మన కాగ్ పేరులోనూ కంప్ట్రోలర్ అన్న మాట ఉంది గానీ, మన దగ్గర డబ్బు విడుదలకు ముందు ఆ అనుమతి అవసరం లేదు. ఖర్చయ్యాక తనిఖీ చేయడమే మన కాగ్ పని. ఈ తేడా చిన్నది కాదు. దొంగ పడ్డాక కేసు పెట్టడానికీ, వాకిట్లోనే ఆపడానికీ ఉన్నంత తేడా.

రెండోది ఆడిటర్ పని. శాఖలు ఏటా మార్చి 31 లోగా ముందటేడు లెక్కలు అప్పగించాలి. సెప్టెంబరు 30 లోగా ఆయన నివేదిక పార్లమెంటుకు చేరాలి. అక్కడి నుంచి అది ప్రజాపద్దుల సంఘం ముందుకు వెళ్తుంది. ఆ సంఘానికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షత వహించడం ఆనవాయితీ. మన పార్లమెంటులో ఈ ఆనవాయితీ 1967లో మొదలైంది. ప్రతి శాఖకూ లెక్క చెప్పాల్సిన అధికారి ఒకరు ఉంటారు, సాధారణంగా ఆ శాఖ కార్యదర్శి. సంఘం ముందు కూర్చుని జవాబు చెప్పాల్సింది ఆయనే. కింది ఉద్యోగి చేశాడు, మంత్రిగారు చెప్పారు అని తప్పించుకునే వీలు తక్కువ.

చాలాకాలం ఈ కార్యాలయం డబ్లిన్ కాసిల్‌లోని పాత ట్రెజరీ భవనంలో ఉండేది. బ్రిటిష్ పాలనకు గుండెకాయలాంటి కోట అది. అక్కడి గదుల్లో కూర్చుని డెబ్బై ఏళ్ళు ఆడిటర్లు ఒకే రకం ప్రశ్న వేశారు: మంజూరైన పనికే ఖర్చు పెట్టారా? పెట్టిన ఖర్చుకు ఫలితం దక్కిందా అని అడిగే అధికారం 1993 సవరణ చట్టంతో గానీ రాలేదు. ప్రభుత్వ విధానం మంచిదా చెడ్డదా అనే జోలికి మాత్రం పోకూడదని ఆ చట్టమే గీత గీసింది.

మేనత్త చిరునామాతో కోట్లు

ఆ కొత్త అధికారం వచ్చిన కొద్దికాలానికే పెద్ద పరీక్ష ఎదురైంది.

1980 నాటికి ఐర్లండ్‌లో పన్నుల భారమంతా జీతగాళ్ళ మీద పడింది. లక్షలాది ఉద్యోగులు, కార్మికులు వీధుల్లోకి వచ్చి ఊరేగారు. 1986లో ప్రభుత్వం డిపాజిట్ల మీద వచ్చే వడ్డీలో 35 శాతాన్ని బ్యాంకుల దగ్గరే కోసుకునే పన్ను తెచ్చింది. దాని పొడిపేరు డర్ట్. మన టీడీఎస్ లాంటిదే. విదేశాల్లో నివసించేవాళ్ళకు మినహాయింపు ఇచ్చారు. దానికి ఒక ప్రకటన ఫారం నింపి బ్యాంకులో ఇస్తే చాలు.

ఆ ఫారమే దొడ్డిదారి అయింది. పల్లెలో పొలం దున్నుకునే రైతు, టౌనులో షాపు నడిపే వ్యాపారి లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉన్న మేనత్త చిరునామా రాసి, విదేశాల్లో ఉంటున్నానని సంతకం పెట్టాడు. రోజూ ఎదురుపడే బ్యాంకు మేనేజరే ఆ ఫారం తీసుకుని ఫైల్లో పెట్టుకున్నాడు. కాదంటే డిపాజిట్ పక్క బ్యాంకుకు పోతుంది. ఆ ఫారాలు తెప్పించుకుని చూడవద్దని రెవెన్యూ శాఖ తన అధికారులకే చెప్పింది. గట్టిగా పట్టుకుంటే డబ్బు దేశం దాటిపోతుందేమోనని ఆర్థికశాఖకు భయం. ఇలా ఎవరి కారణం వాళ్ళు చెప్పుకుంటూ, తెలిసి తెలియనట్టు పన్నెండేళ్ళు గడిపారు. జీతం రాళ్ళ మీద పన్ను కట్టినవాడు మాత్రం కడుతూనే ఉన్నాడు.

ఏఐబీ అనే పెద్ద బ్యాంకులో అంతర్గత ఆడిట్ అధిపతి టోనీ స్పోలెన్ 1991లోనే, ఎగ్గొట్టిన పన్ను 10 కోట్ల పౌండ్ల దాకా ఉండొచ్చని పైవాళ్ళకు రాశాడు. ఆ మాట బ్యాంకు గోడలు దాటలేదు. 1998లో పత్రికల్లో కథనాలు వచ్చాయి. ప్రజాపద్దుల సంఘం బ్యాంకునూ రెవెన్యూ శాఖనూ పిలిచి అడిగితే ఇద్దరూ పొంతన లేని జవాబులు చెప్పారు.

అప్పుడు డాయిల్ ప్రత్యేక చట్టం చేసింది. ఆడిటర్ జనరల్ జాన్ పర్సెల్‌కు బ్యాంకుల కాగితాలు తెప్పించుకునే అధికారం, ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకునే అధికారం ఇచ్చింది. ప్రభుత్వ శాఖల తలుపులే తట్టిన ఆడిటర్ మొదటిసారి ప్రైవేటు బ్యాంకుల బీరువాలు తెరిపించాడు. కొద్ది నెలల్లో, 1999 జులైకల్లా నివేదిక ఇచ్చాడు.

దాన్ని ముందు పెట్టుకుని జిమ్ మిచెల్ అధ్యక్షతన ఉపసంఘం 26 రోజులు బహిరంగ విచారణ జరిపింది. బ్యాంకుల అధిపతులు, రెవెన్యూ పెద్దలు, మాజీ ఆర్థికమంత్రులు వరసగా వచ్చి కూర్చున్నారు. విచారణంతా టీవీలో ప్రసారమైంది. ఏ తేదీన ఎవరు ఎవరికి ఏమి రాశారో ఆడిటర్ అప్పటికే వరస పెట్టి ఉంచాడు కాబట్టి, గుర్తులేదు అన్న జవాబు చెప్పిన మనిషి ముందుకు ఆయన సంతకం ఉన్న కాగితమే వచ్చేది. ఆ ఉపసంఘ సభ్యుల్లో ఒకరైన డెనిస్ ఫోలీకి సొంతంగా అన్స్‌బాకర్ అనే బ్యాంకులో రహస్య ఖాతా ఉందని తర్వాత బయటపడింది. ఆయన సంఘం నుంచి తప్పుకోవాల్సి వచ్చింది.

డిసెంబరులో ఉపసంఘం నివేదిక వెలువడింది. ఏఐబీ ఒక్కటే 9 కోట్ల ఐరిష్ పౌండ్లు కట్టింది. ఆర్థిక సంస్థలన్నీ కలిసి చెల్లించింది నేటి లెక్కలో 20 కోట్ల యూరోలకు పైమాటే. ఆ తర్వాత దొంగ చిరునామాల ఖాతాదారుల వెంట రెవెన్యూ శాఖ పడి, అంతకు రెట్టింపుకు మించి రాబట్టింది. ఇంచుమించు అదే కాలంలో, 1997లో, వేరే అవినీతి ఆరోపణల మీద వేసిన రెండు న్యాయవిచారణ సంఘాలు ముగియడానికి ఒకదానికి 14 ఏళ్ళు, మరోదానికి 15 ఏళ్ళు పట్టింది. లెక్క ముందు సిద్ధం చేసుకుని ప్రశ్న తర్వాత వేస్తే పని ఎంత త్వరగా తెములుతుందో డర్ట్ విచారణనూ వీటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

కావలికి కత్తి ఎందుకు లేదు

ఇంత జరిగినా ఆడిటర్ జనరల్ ఎవరినీ జైలుకు పంపలేదు, ఒక్క రూపాయి జరిమానా వెయ్యలేదు. ఆ అధికారం ఆయనకు లేదు. అందువల్ల ఆయన బలమంతా ఆ నివేదిక అందుకునే సభ బలం మీద ఆధారపడింది. ఆ సభ చేతులు తర్వాత కట్టుబడ్డాయి. 2002లో అబీలారా కేసులో సుప్రీంకోర్టు, బయటి వ్యక్తుల మీద తప్పు మోపే విచారణ చేసే అధికారం పార్లమెంటు సంఘాలకు లేదని తీర్పు చెప్పింది. ఆ అధికారం ఇవ్వాలని 2011లో ప్రజాభిప్రాయం అడిగితే, స్వల్ప తేడాతో ప్రజలే వద్దన్నారు. రాజకీయ నాయకుల చేతికి న్యాయమూర్తి అధికారం ఇవ్వడానికి వాళ్ళు భయపడ్డారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం.

అయినా కుర్చీ ఖాళీ కాలేదు. 2008 బ్యాంకుల పతనం తర్వాత మొండి బాకీలను కొన్న ప్రభుత్వ సంస్థ నామా, ఉత్తర ఐర్లండ్ అప్పుల్ని గుత్తగా ఒక అమెరికన్ సంస్థకు అమ్మింది. 2016లో ఆడిటర్ జనరల్ షేమస్ మెకార్తీ ఆ అమ్మకంలో 19 కోట్ల పౌండ్ల దాకా నష్టం జరిగి ఉండొచ్చని తేల్చాడు. నామా గట్టిగా కాదంది. ప్రజాపద్దుల సంఘం ఇద్దరినీ బహిరంగంగా విన్నది. ప్రభుత్వ సంస్థ, ప్రభుత్వ ఆడిటర్ పౌరులందరి ముందూ వాదించుకోవడం ఆ దేశానికి పరువు తక్కువ అనిపించలేదు.

నాకు ఈ చరిత్రలో విలువైన సంగతి ఇదే. శత్రువును లెక్క అడగడం సులభం, దానికి ఆవేశం చాలు. మన కోసం జైలుకు వెళ్ళినవాణ్ణి, మనం ఓటేసి గెలిపించుకున్నవాణ్ణి, మన ఊరివాణ్ణి లెక్క అడగడమే కష్టం. అడిగితే అవమానించినట్టు అవుతుందని మొహమాటపడతాం. అజ్ఞాతంలో పరుగులు తీస్తూ కూడా ఐరిష్ నాయకులు ఆ మొహమాటాన్ని పక్కన పెట్టి, తమను అడిగే అధికారిని తామే నియమించుకున్నారు. మన రాష్ట్రాల్లో కాగ్ నివేదిక శాసనసభ చివరి రోజున బల్ల మీదకు వచ్చి, చర్చ లేకుండా అటకెక్కినప్పుడల్లా నష్టపోయేది ఆడిటర్ కాదు, మనం. నివేదిక చదివి, పేరు పెట్టి ప్రశ్న వేసే సభ్యుణ్ణి ఎన్నుకోవడం, వేయనివాణ్ణి నిలదీయడం ఓటరు చేతిలో ఉన్న పని.

వచ్చే భాగం: 1949, ఢిల్లీ. రాజ్యాంగసభలో కాగ్ అధికరణం చర్చకు వచ్చింది. ఈ అధికారి బహుశా న్యాయవ్యవస్థ కంటే ముఖ్యమైనవాడని అంబేడ్కర్ ఎందుకు అన్నారు? స్వతంత్ర భారత తొలి కాగ్ వి. నరహరిరావు ఎదుర్కొన్న చిక్కులేమిటి? ఐర్లండ్ దగ్గరున్న కంప్ట్రోలర్ తాళంచెవి మన కాగ్ చేతికి ఎందుకు రాలేదు?